కండ్లు మూసుకొని విన్న ఎక్కాలు

వేంచిన పల్లీల వాసనొస్తే నాకు ఇప్పటికీ లెక్కలే యాదికొస్తయి. మొన్న మా మనవరాలు స్వప్న, రామాయంపేట బళ్ళె టీచరు, పక్కన గిన్నెడు పల్లీలు పెట్టుకొని పిల్లల నోటుబుక్కులు దిద్దుకుంట, "తాతా, మా బళ్ళె ప్రోగ్రాముంది. సినిమాలల్ల గురువెట్ల ఉంటడు, లీడరెట్ల ఉంటడు అని నేను మాట్లాడాలె. నువ్వు గూడ రావాలె. నీ స్ట్రైకు కథ జర మంచిగ చెప్పు, రాసుకుంట" అన్నది.

ఆ కథ మా ఇంట్ల అందరికీ కంఠతా వచ్చు. ఏడో తరగతి లీడర్నయిన నేను, పాఠం చెప్పని పంతులు మీద నలభై మందిని లేపిన, మూడు రోజులు బడి బంద్ పెట్టించిన, కలెక్టరు జీపు దిగొచ్చి నా భుజం తట్టిండు. పెండ్లిళ్ళల్ల చెప్పిన, బస్సులల్ల చెప్పిన, ఒకసారి దవాఖానల సెలైను ఎక్కించుకుంట గూడ చెప్పిన. అయితే స్వప్న పెన్ను పట్టుకొని ముందట కూసునేసరికి ఆ కథ చెప్పబుద్ధి గాలే. వినేటోళ్ళ ముందు అబద్ధమాడుడు అలవాటే గని, రాసుకునేటోళ్ళ ముందు కష్టం.

నలభై మంది గాదు, ఇరవై ఆరు మందిమి. కలెక్టరు గాదు, ఏడాదికోసారి వచ్చే బడి ఇన్‌స్పెక్టరు. మూడు రోజులు గాదు, ఒక బీడీ కాలేంతసేపు.

ఆ వానకాలం మెదక్‌ల డేరా టాకీసు పడ్డది. తడిసిన డేరా గుడ్డ ముక్కవాసన, కింద చల్లటి ఇసుక, ఇంటర్వెల్‌ల ఉప్పుకారం అద్ది నిమ్మచెక్కతోని రుద్దిన మక్కకంకులు, ముందటోళ్ళ తలకాయల మీంచి చూసి చూసి మెడలు పట్టేసినా కదలని మేము. ఒకటే సినిమా నేను పదకొండు సార్లు చూసిన. సరే, నాలుగు సార్లు. అండ్ల ఒక పంతులుంటడు: పెద్ద మీసాలు, బల్ల మీద కాళ్ళు, నోరు తెరిచి గురక. హీరో పిలగాడు బెంచీ ఎక్కి రెండు మాటలంటడు, క్లాసంత లేస్తది, పంతులు మూట సర్దుకొని పోతడు, తెల్లబట్టల కొత్త సారొచ్చి ఒక పాట పాడంగనే మొద్దుపిల్లలందరికీ చదువొస్తది. ఆ తర్వాత ఎన్ని సినిమాలు చూసిన్నో, అన్నిట్ల గిదే వరస. గురువంటే ఉపన్యాసం, నాయకుడంటే బెంచీ ఎక్కెటోడు. సారు కూసొని నోటుబుక్కులు దిద్దే సీను నేనెక్కడ చూడలే. తప్పు కింద ఎర్రగీత గీసి, మల్ల చేయించి, మల్ల దిద్దితే టికెట్ కొన్నోళ్ళు లేచి పోతరు గద.

మా లెక్కల సారు చేసేది ఆ పనే. వానల గోనెసంచి మడిచి నెత్తిన వేసుకొని, పాపన్నపేట నుంచి సైకిల్ మీద వచ్చెటోడు. జేబునిండ పల్లీలు. ఆటల గంటల మేము దుంకులాడుతుంటే ఆయన వరండాల కూసొని, పల్లీలు నములుకుంట ఇరవై ఆరు బుక్కులు దిద్దెటోడు. ఎక్కాలు రానోళ్ళను ముందట నిలబెట్టుకొని, రెండు కండ్లు మూసుకొని వినెటోడు. కండ్లతోని చూస్తే మొఖమే కనవడ్తది, తప్పు చెవికే దొరుకుతది అనెటోడు. ఎవడన్న తప్పితే కండ్లు తెరవకుంటనే, "ఆగు బిడ్డా, ఎనుకకు రా" అనెటోడు. ఎవ్వర్నీ కొట్టింది లేదు. సరే, ఒక్కసారి కొట్టిండు, నన్నే, చాక్‌పీసులు తిన్నందుకు.

నాకు హీరో కావాల్నని ఉండె. విలన్ దొరకలే. ఉన్న సారుతోనే సర్దుకున్న.

ఇన్‌స్పెక్టరొస్తే లీడరు లేచి దండం పెట్టి క్లాసు సంగతులు చెప్పుడు మా బడి ఆనవాయితీ. నేను లేచుడు గాదు, బెంచీ ఎక్కిన. "సారు క్లాసుల నిద్రపోతడు సార్. మేము ఎక్కాలు చెప్తుంటే కండ్లు మూసుకొనే ఉంటడు" అన్న. రెండో మాట నిజం, అందుకే మొదటిది అతికింది. "నిజమేనా?" అని ఇన్‌స్పెక్టరు అందరినీ అడిగిండు. అచ్చం సినిమాల లెక్కనే మిగిలిన ఇరవై అయిదు మంది లేచి నిలవడ్డరు. సారు గోడకు ఆనుకొని మా దిక్కే చూసిండు.

బదిలీ కాగితం రావడానికి నెల పట్టింది. ఆ నెలంత సారు ఎక్కాలు కండ్లు పెద్దగ తెరుచుకొని విన్నడు. ఒకనాడు నా వంతొచ్చింది. పదమూడేడ్లు ఎనభై ఒకటి అన్న, కావాలని గాదు, నిజంగనే తప్పిన. సారు నా మొఖంల మొఖం పెట్టి చూసుకుంట, "ఊఁ, కానియ్యి" అన్నడు. తప్పు దొరకలే. అది తొంభై ఒకటని ఇంటికివొయ్యే తొవ్వల నాకు తట్టింది.

సారును రేగోడుకు ఏసిండ్రు. పాపన్నపేటల ఆయన ముసలి తల్లి ఉండె, రోజు సైకిల్ తొక్కి పోయొచ్చే దూరమా రేగోడు? మా దిక్కు దసరానాడు జమ్మి ఆకును బంగారమని పెద్దోళ్ళ చేతుల పెట్టి కాళ్ళు మొక్కుతం. ఆ దసరాకు గారెలు, సర్వపిండి తిని, కొత్త లాగు ఏసుకొని గల్లీ గల్లీ తిరిగి జమ్మి ఇచ్చిన. సారుకని తీసి పెట్టిన ఆకు మాత్రం లాగు జేబులనే ఎండింది.

పెద్దయినంక రేగోడు పోయి ఆయన చేతుల జమ్మి పెట్టి మాఫీ అడిగిన, సారు నన్ను లేపి గుండెకు అద్దుకొని అలాయ్‌బలాయ్ తీసుకున్నడు అని గూడ నేను చెప్తుంట. అది సినిమా ఆఖరు సీను. బస్సెక్కింది నిజం. నడుమ దిగి, చాయ్ తాగి, ఎదురొచ్చిన బస్సుకు వాపసొచ్చిన. వచ్చే దసరాకు పోదామనుకున్న. గట్ల ఎన్ని దసరాలు పోయినయో. సారు పోయిండన్న కబురు పాపన్నపేట ఆటోల ఎవరో మాట్లాడుకుంటుంటే విన్న.

ఇదంత చెప్పినంక స్వప్న పెన్ను పక్కన పెట్టింది.

"మరి పిల్లల ముందట నిన్ను ఏమని చెప్పాలె తాతా?"

"లీడరనే చెప్పు. మిగిలింది నేను చెప్పుకుంట."

డేరా పడ్డ జాగల ఇప్పుడు ఫంక్షన్ హాలుంది. ఎక్కాలు ఫోన్లల్లకు పోయినయి, ఒకరు చెప్తుంటే ఇంకొకరు కూసొని వినే పని లేదు. స్వప్న రాసుకున్నది మొదటి నుంచి చదువవట్టింది. నేను మంచానికి ఆనుకున్న. కొంచెంసేపటికి ఆమె గొంతు ఆగింది.

"నిద్రవొచ్చిందా తాతా?"

"లేదు, వింటున్న. ఎనుకకు రా బిడ్డా. నలభై అని చదివినవ్, ఇరవై ఆరు."