హారనక్క పెట్టిన వరస

ఆవిడ వ్యానుకి హారన్ ఉంది. అది మోగగా విన్నవాళ్ళు మాత్రం ఆ వీధిలో ఎవరూ లేరు. కిటికీలోంచి తల బయటపెట్టి "ఏమర్రా, జరగండి!" అందంటే, ఎదురుగా ఉన్నది సైకిలైనా లారీ అయినా పక్కకి తప్పుకోవలసిందే. అందుకే చిన్నా పెద్దా అందరికీ ఆవిడ హారనక్క. చివరికి కట్టుకున్న మొగుడు కూడా, ఎవరైనా తలుపు కొడితే, "హారనక్క ఇంట్లో లేదండీ" అని చెప్పి పంపేసేవాడు.

వ్యాను తోలకముందు ఆవిడ సినిమాహాల్లో టికెట్ల కిటికీ వెనక కూర్చునేది. పిడికిలి పట్టేంత కంతలోంచి లోపలికి వచ్చిన చేతిని చూసి, వరసలో వచ్చినవాడెవడో, భుజం అడ్డంపెట్టి దూరినవాడెవడో చెప్పేసేది. దూరినవాడి చెయ్యి కంగారుపడుతుందట. ఆ హాలు మూతబడింది. ఇంట్లో చేతులు ముడుచుకుని కూర్చోవడం ఆవిడ జాతకంలో లేదు. డ్రైవింగ్ నేర్చుకుని, కరెంటు వ్యానొకటి కొని, చిన్నపిల్లల బడికి కుదిరింది. ఏ బూటు ఏ కాలిదో తెలియని వయసు పిల్లలు.

కాపురం మూడో అంతస్తులో. అక్కణ్ణించి వైరు వేలాడదీయలేదు కదా! మార్కెట్ వెనక ఖాళీస్థలంలో ఉన్న చార్జర్లే దిక్కు. రెండున్నాయి. ఒకటి బుద్ధిగా పనిచేస్తుంది. రెండోది అలిగిన అల్లుడు. ఎప్పుడు పలుకుతుందో, ఎప్పుడు మొహం తిప్పుకుంటుందో దానికే తెలియదు. చిక్కంతా ఏమిటంటే, అక్కడ బళ్ళు ఒకదాని వెనక ఒకటి ఆగడానికి వీల్లేదు. ఆగితే కూరగాయల లారీలకి దారి ఉండదు. అందుకని ఒకరు చెట్టు నీడన, ఒకరు గోడవార, ఇంకొకరు గేటు పక్కన, ఎక్కడ చోటు దొరికితే అక్కడ ఆపుకునేవారు. బండికి తగిలించే చార్జరు గన్ను ఖాళీ అయిందో లేదో దగ్గరున్నవాడు దూకేవాడు. ముందొచ్చినవాడు అరిచేవాడు. నోరున్నవాడిదే చార్జింగు.

మరి హారనక్కకి నోటికేం తక్కువ? తక్కువ కాదు. కానీ నోరు పెట్టుకుని గెలవడం ఆవిడకి చిన్నతనం.

ఆ మధ్యాహ్నం ఏం జరిగిందంటే, అలిగిన చార్జరు అలిగే ఉంది. పనిచేసేదానికి డ్రైవింగ్ స్కూల్ మేస్టారి సొంత కారు తగిలించి ఉంది. నిండిపోయినట్టు పచ్చలైటు వెలుగుతోంది. మేస్టారు మాత్రం అయిపూ అజా లేడు. పరాయి బండి గన్ను పీకడం మర్యాద కాదు, పీకితే ఊడదు కూడా. బడి వదిలే వేళవుతోంది. హారనక్క టీకొట్టులో చూసింది, పేపర్ల కొట్టులో చూసింది, చివరికి మంగలిషాపులో పట్టుకుంది.

"మేస్టారూ, మీ బండి కడుపు నిండి త్రేన్పులు కూడా అయిపోయాయి. ఇంకా కుక్కుతూనే ఉన్నారేమిటి?"

"క్షవరం సగంలో ఉందమ్మా, కనబడట్లేదూ?"

"నాకు కనబడుతోంది. బడి గేటు దగ్గర ఎండలో నిలబడే పిల్లలకి కనబడదు. లేవండి."

మేస్టారు మెడ చుట్టూ గుడ్డతోనే వచ్చి బండి తీశాడు. ఒక చెవి పైన జుట్టుంది, రెండో చెవి పైన లేదు. కూరగాయలవాళ్ళు ఆ పూటంతా నవ్వుకున్నారు. ఆయన తరవాత కొన్నాళ్ళు టోపీతోనే తిరిగాడు.

అంత చేసినా ఆవిడ బడికి చేరేసరికి ఆలస్యం కానే అయింది. అందరికంటే చిన్నది ఏడ్చి ఏడ్చి ఆయా ఒళ్ళో నిద్రపోయింది. హెడ్‌మిస్ట్రెస్ గొంతు పెంచకుండా, "ఇంకొక్కసారి ఇలా జరిగితే మేము వేరే వ్యాను చూసుకుంటామమ్మా" అంది. అరిచినా బాగుండేది. అరిచేవాళ్ళకి ఎలా చెప్పాలో హారనక్కకి తెలుసు.

ఆ సాయంత్రం ఆడపడుచు కుట్టుమిషన్ మీంచి తలెత్తి చూసింది. "ఏం వదినా, ఇవాళ నోరు పెగలట్లేదు? మిషన్ చప్పుడు నాకే వినబడుతోంది."

జరిగింది చెప్పింది హారనక్క.

"అయితే అక్కడ ఒక బోర్డు రాయించి పెట్టు."

"దూకేవాడు బోర్డు చదవడానికి ఆగుతాడటే? రేపట్నించి నేనే అడుగుతా."

"ఏమని?"

"ఆఖరెవరు అని."

సినిమాహాలు దగ్గర వాన పడితే జనం వరస విడిచి చూరు కిందికి చెదిరిపోయేవారు. కొత్తగా వచ్చినవాడు "ఆఖరెవరండీ?" అని కేకేసేవాడు. ఎవరో చెయ్యెత్తేవారు. ఆ మొహం గుర్తుపెట్టుకుంటే చాలు, ఇక ఎక్కడ నిలబడ్డా ఒకటే. కిటికీలోంచి ఎన్ని వానలు చూసిందో ఆవిడ! మర్నాడు ఖాళీస్థలంలోకి వస్తూనే కిటికీలోంచి తల పెట్టి "ఆఖరెవరూ?" అంది. కాకులు లేచాయి. మనుషులు మాత్రం పలకలేదు. దిగి ఒక్కొక్క బండి దగ్గరికీ వెళ్ళి అడిగి తెలుసుకుంది. తన వెనక వచ్చిన ప్లంబర్ కిటికీ దగ్గరికి పోయి, "చూడు నాయనా, నా వెనక నువ్వు. నీ వెనక వచ్చినవాళ్ళు అడిగితే నువ్వు చెయ్యెత్తాలి. అడక్కపోతే నువ్వే చెప్పాలి" అంది.

"ఈ చార్జర్లు మీ పుట్టింటివాళ్ళు పెట్టించారా అక్కా?"

"వాళ్ళే పెట్టిస్తే ఒకటి అలిగేదీ కాదు, నీతో నాకీ తిప్పలూ ఉండేవి కావు."

నవ్వారు. వెక్కిరించారు. "వచ్చిందమ్మా కండక్టరు" అన్నారు. ఆవిడ మానలేదు. పిల్లల్ని దింపి వచ్చాకా అడిగింది, ఎండలో అడిగింది, గొంతు పట్టేసినప్పుడు చెయ్యూపి అడిగింది. కొన్నాళ్ళకి వెక్కిరింతగా అడిగినవాళ్ళు మామూలుగానే అడగడం మొదలుపెట్టారు. మేస్టారొక్కడే, అద్దాలెక్కించుకుని, వేలు మాత్రం అద్దానికి ఆనించి పైకెత్తేవాడు.

ఈలోగా ప్లంబర్‌కి జాలి పుట్టింది. గన్ను తన వంతుకి వచ్చిన సమయానికి, ఫొటోలు తీసే అమ్మాయి ఒకతె గాభరాగా వచ్చి, పెళ్ళివాళ్ళు ఎదురుచూస్తున్నారని బతిమాలింది. "పాపం, పెట్టుకోండి" అని ప్లంబర్ పక్కకి జరిగాడు. అతని వెనకే హారనక్క.

"ఆగు. ఆవిడ నీ ముందుకొస్తే నా ముందుకి కూడా వచ్చినట్టే కదా? నా వంటింట్లోంచి పళ్ళెం తీసి నువ్వు వడ్డిస్తావేం?"

"అదేంటక్కా, అవసరం మనిషికి ఆ మాత్రం సాయం చెయ్యకూడదా?"

"చెయ్యి. నీ చోటు ఆవిడకిచ్చి, ఆవిడ చోటులోకి నువ్వు పో. అప్పుడు అది నీ సాయం. ఇప్పుడు నువ్వు చేసింది నా సాయం, ఆ వెనక ఆయన సాయం. మమ్మల్ని అడిగావా?"

ప్లంబర్ గొణుక్కుంటూ వెళ్ళి చిట్టచివర ఆపుకున్నాడు. గోడవారనున్న మేస్టారు మొదటిసారి అద్దం దించి మరీ నవ్వాడు. ఆ రోజునుంచీ అదే పద్ధతి అయిపోయింది. చోటిచ్చినవాడు చోటు మార్చుకోవాలి.

తన పద్ధతి తన మెడకే చుట్టుకునే రోజు రానే వచ్చింది. పొద్దున్న పిల్లల్ని మ్యూజియం చూడ్డానికి తీసుకెళ్ళి, తిరిగి బళ్ళో దింపింది. వ్యానులో బ్యాటరీ అడుగంటింది. మార్కెట్ వెనక్కి వస్తే ఒకే చార్జరు పలుకుతోంది.

"ఆఖరెవరూ?"

చెట్టుకింద ఒక చెయ్యి లేచింది. అతని ముందు ఎవరు, వాళ్ళ ముందు ఎవరు అని చూసుకుంటూ పోతే గన్ను తన దాకా వచ్చేసరికి బడి వదిలి చాలాసేపవుతుంది. గేటు దగ్గర పిల్లలు, ఆయా ఒళ్ళో నిద్రపోయిన చిన్నది, గొంతు పెంచని హెడ్‌మిస్ట్రెస్ కళ్ళముందు కదిలారు.

ఆవిడ మొహం చూసి ప్లంబర్ దిగివచ్చాడు. "నువ్వు ముందుకెళ్ళిపో అక్కా. ఎవరు కాదంటారు? ఇక్కడి వరసే నువ్వు పెట్టింది."

"అవునవును" అన్నారు చుట్టుపక్కలవాళ్ళు.

హారనక్క గేటు పక్క నల్లకారు వైపు చూపించింది. లోపల ఎవరో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. "ఆయన అనలేదుగా! నిద్రపోయేవాడి చోటు ఎలా తీసుకుంటాను?"

"లేపి అడుగుదాం."

"నిద్రలోంచి లేపి అడిగితే ఎవడైనా సరేనంటాడు. అది లెక్కలోకి రాదు."

"మరి నాతో మార్చుకో" అన్నాడు ప్లంబర్. కానీ అతను కూడా ఆ నిద్రపోయేవాడి వెనకే. అతని చోటు దొరికినా బడి వేళకి అందదు. పనికొచ్చే చోటు ఒక్కటే, తరవాతి వంతుది. అది మేస్టారిది.

ఆవిడ కొంగు బిగించి తిన్నగా వెళ్ళి మేస్టారి కారు అద్దం మీద కొట్టింది. అద్దం దిగింది.

"మేస్టారూ, మీ చోటు నాకిస్తారా? ముందే చెబుతున్నాను, నా చోటు బాగాలేదు. అదిగో, చిట్టచివర. మీరు సాయంత్రం దాకా ఇక్కడే పడుండాలి."

మేస్టారు టోపీ తీశాడు. జుట్టు రెండువైపులా సమానంగానే పెరిగింది. "ఈ తల గుర్తుందా నీకు?"

"మరిచిపోతానా? మీరు కాదన్నా తప్పులేదు. మీ చోటు మీది."

"ఆ రోజు అడగలేదు నువ్వు. లేపావు."

"ఆ రోజు మీ బండి నిండిపోయింది. మీకు ఆ చోటుతో పనిలేదు. ఇవాళ ఉంది. అందుకే అడుగుతున్నాను."

మేస్టారు టోపీ పెట్టుకుని బండి స్టార్ట్ చేశాడు. "నిండేదాకా పెట్టుకుంటే మాత్రం ఊరుకోను. నీ వ్యానుకి త్రేన్పులు రాకూడదు."

"బడికీ ఇళ్ళకీ తిరిగేంత ఎక్కితే చాలు."

అన్నట్టే, సరిపడా ఎక్కగానే తీసేసింది. ఇంకాస్త ఉండమని మనసు లాగినా గన్ను కొక్కేనికి తగిలించి, తరవాతి వంతువాళ్ళకి కేకేసి కదిలింది. బడి గంట కొడుతుండగా గేటు దగ్గర వ్యాను ఆపింది. అందరికంటే చిన్నది తారుమారు బూట్లతో పరిగెత్తుకొచ్చింది.

పిల్లల్నందరినీ దింపేసరికి వ్యాను మళ్ళీ అడుగంటింది. మార్కెట్ వెనక్కి వచ్చి, గొంతు బొంగురుపోయి ఉండగా, "ఆఖరెవరండీ?" అంది.

ఎవరో కొత్తాయన చెయ్యెత్తి దగ్గరికి వచ్చాడు. "నేనేనమ్మా. నా వెనక మీరు. మీ తరవాత వచ్చినవాళ్ళకి మీరే చెప్పాలి. ఇక్కడి పద్ధతిది. మీరు కొత్తేమో, తెలీదని చెబుతున్నా. ఇందాకే ఆ టోపీ ఆయన వివరంగా చెప్పారు."

గోడవార కారులోంచి మేస్టారు, ఇంకా తన వంతు రానేలేదు, ఏమీ ఎరగనట్టు ఎటో చూస్తున్నాడు.

"మంచిది బాబూ" అంది హారనక్క. వ్యాను చోటు దొరికినచోట ఆపి, దిగి, గేటు వైపు తిరిగి నిలబడింది. ఎవరైనా వస్తే చెయ్యెత్తాలి కదా.