రామా కోసం నంద్యాలంతా గాలించిన రోజు

ఆ రోజుల్లో మా ఇంటి మొత్తానికి సెల్‌ఫోన్ ఒకటే ఉండేది. అది పొద్దున్నే నాయనతో పాటు జీపెక్కి అహోబిలం వెళ్లిపోయి, యాత్రికులందరినీ దింపేశాక ఇల్లు చేరేది. అందుకని ఆళ్లగడ్డలో మా గడప దాటిన మనిషికి దారిలో ఏదైనా అనుమానం వస్తే సొంత బుద్ధినే నమ్ముకోవాలి. నా బుద్ధి మీద నాకప్పట్లో కొండంత నమ్మకం. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా హాస్టల్లో చదివి, లెక్కల్లో ఎవరినీ ముందుకు పోనివ్వని దాన్ని మరి! (ఆ హాస్టల్లో నేనెరిగిన రంగులు రెండే, యూనిఫాంలో పైది, కిందిది. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది, లేకపోతే మీరు నన్ను మరీ మొద్దు అనుకుంటారు.)

ఇంటర్ పరీక్షలు రాసి ఇంటికొచ్చిన ఆ ఎండాకాలంలోనే మా అక్క ముందు గదిలో కుట్టుమిషను వేసింది. మా ఊరి వాళ్లకు అదేం జబ్బో గానీ, పెళ్లి జాకెట్టు అంటే చాలు, బస్సెక్కి నంద్యాలకు పోయి కుట్టించుకోవాల్సిందే. అలాంటిది ఒక పెళ్లికూతురి జాకెట్టు అక్క చేతికి వచ్చింది. ఆ పిల్ల తల్లిని మా వీధిలో అందరూ కలెక్టరమ్మ అనేవాళ్లు. (ఆమె ఏ ఉద్యోగమూ చేయలేదు, ఎవరింటికి వెళ్లినా తనిఖీ చేసేది, అంతే.) "ఎల్లుండి పొద్దునకల్లా ఇయ్యల్ల. కుదరకపోతే మేమే కాదు, ఊర్లో ఎవురూ నీ తట్టు చూడరు" అని చెప్పి మరీ వెళ్లింది. అక్కకు ఆ పూట అన్నం సయించలేదు. "ఇదొక్కటి బాగొస్తే ఇంగ నలుగురొస్తారు మే. లేదంటే మిషను మీద దుప్పటి కప్పుకోవల్సిందే" అంది. మరుసటి రోజు జాకెట్టు లోపలి లైనింగు కుట్టే పనిలో తను మిషను వదిలి కదల్లేక, పెళ్లిచీరను సంచిలో పెట్టి నా చేతికిచ్చింది. "నంద్యాల బజారుకు పోయి రామా మీటరు తేపో. రామానే మే, ఇంగోటి తెచ్చినావంటే నా కొంప మునుగుతాది!" అని ఒకటికి పదిసార్లు చెప్పింది. నాకు అర్థమైందేమిటంటే, రామా అనే అంగట్లో మీటరు గుడ్డ కొనాలి. ఓస్, ఇంతేనా అనుకుని బస్సెక్కాను.

ఒంటరిగా నంద్యాల బజారులోకి అడుగు పెట్టడం అదే మొదలు. ఒక్కో వస్తువుకు ఒక్కో అంగడి! జడకుచ్చులకొకటి, అత్తర్లకొకటి, ఇత్తడి బిందెలకొకటి, ఉత్త గుండీలకే ఒకటి. అబ్బ, నాకు రెండు కళ్లూ చాల్లేదు. మొదట కనిపించిన మ్యాచింగ్ సెంటర్లోకి దూరాను. గుడ్డ తాన్లు గోడ కింద నుంచి పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. నలుగురు ఆడవాళ్లకు ఒకేసారి గుడ్డ కొలుస్తున్న అంగడాయన్ను, "అన్నా, రామా యాడుంది?" అని అడిగాను. ఆయన తల ఎత్తకుండానే గజంబద్ద గాల్లో ఊపి, "అదో, ఎదురుగా, పైన చూడు పాపా" అన్నాడు. ఎంత మంచివాడో, పోటీ అంగడికి దారి చూపిస్తున్నాడని మనసులోనే దండం పెట్టుకుని, బయటికొచ్చి, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న మేడ మెట్లెక్కాను. అది బ్యాండు మేళం వాళ్ల గది. ఒకాయన డోలు బిగిస్తూ, "పెండ్లి యాడ పాపా?" అన్నాడు. ఆళ్లగడ్డలో అన్నాను. అబద్ధం కాదు కదా! "ఎంతమంది గావల్ల?" అన్నాడు. "మీటరు చాలన్నా" అన్నాను. ఆయన డోలు పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

అక్కడి నుంచి దిగి, దారి అడుగుదామని ఇత్తడి అంగడికి వెళ్లాను. అక్కడి శెట్టిగారు నింపాదిగా, "రామా అంటే ఏ రామా? రామయ్యదా, రామిరెడ్డిదా, రామాంజనేయులుదా?" అని నన్నే అడిగి, చివరికి తనకు బాగా తెలిసిన రామాంజనేయులు దగ్గరికి పంపాడు. అది తాళ్లు, పలుపులు అమ్మే అంగడి. "జాకెట్టు గుడ్డనా? మా కాడ ఎద్దుల మెడలోకి గంటలు, మూతికి చిక్కాలు ఉండాయి. నీకేం పనికొస్తాయమ్మీ?" అన్నాడు ఆ పెద్దాయన, పాపం, నిజంగానే బాధపడుతూ. ఇక దారి పొడవునా మ్యాచింగ్ సెంటర్ల వాళ్లు "రా పాపా, ఏం గావల్ల?" అని పిలుస్తూనే ఉన్నారు. "మాకు రామానే కావల్ల" అంటే, "రామానే ఉంది, రామ్మా!" అన్నారు ప్రతి ఒక్కరూ. నాకు ఒళ్లు మండింది. బోర్డు మీద ఇంకో పేరు పెట్టుకుని రామా మేమే అంటారా! ఎంత మోసం! నేను ఆళ్లగడ్డ పిల్లనని వీళ్లకెట్లా తెలిసిపోయిందబ్బా అనుకుంటూ, మూతి బిగించుకుని ఒక్కో అంగడీ దాటుకుంటూ వెళ్లాను.

ఎండ వాలింది. కాళ్లు పీకుతున్నాయి. బస్సు వేళ దగ్గర పడుతోంది. దుప్పటి కప్పిన మిషను, దాని పక్కన అక్క, ఇదే కళ్లముందు కనబడసాగింది. అక్క బతుకు నేనే పాడుచేశానని దుఃఖం ఆగక, ఒక గాజుల అంగడి మెట్ల మీద కూలబడి ఏడ్చేశాను. లోపల గాజులమ్మే ముస్లిం ఆవిడ, బజారంతా ఆపా అని పిలిచే మనిషి, లేచొచ్చి, "ఏమైంది బిడ్డా? ఏం వెతుకుతాండావ్?" అంది. "రామా..." అన్నాను వెక్కుతూ. "దానికి ఏడుస్తారా?" అని లోపలికి పోయి, గాజుల డబ్బా తెచ్చి నా ముందు తెరిచి, "సైజు చెప్పు" అంది. నెమలి మెడకూ పసరాకుకూ మధ్యన ఉండే రంగు. సంచిలోంచి చీర అంచు లాగి పక్కన పెట్టాను. అదే ఇది! "ఇది... రామానా?" అన్నాను. "రామా గాకుంటే ఆనందానా? ఆనందా ఇదో, ఈ నీలంది" అని ఇంకో డబ్బా చూపించింది. "అయితే రామా, ఆనందా... మనుషుల పేర్లు కావా?" అన్నాను. ఆపా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "రంగులు బిడ్డా, రంగులు!"

పరుగున మొదటి అంగడికి వెళ్లాను. ఆయన నన్ను గుర్తుపట్టి, "ఏమ్మా, పైన చూడమంటే యాడికి పోతివి?" అన్నాడు. "పైకే పోయినాన్నా" అన్నాను. ఎదుటి మేడ చూపించేసరికి ఆయన గజంబద్ద కింద పడేసి నవ్వాడు. తను కూర్చునే చోటికి ఎదురుగా, పై అరలోనే ఉంది రామా, ఒక నిండు తాను!

ఇంటికెళ్లి గుడ్డ ఇస్తే, అక్క దాన్ని చీర అంచు మీద పరిచింది. ఏది అంచో, ఏది గుడ్డో తెలియలేదు. అప్పుడు తీరిగ్గా, ఇంతసేపూ ఏం చేశావని స్కేలు పట్టుకుంది. జరిగింది చెప్పాను. "బ్యాండోళ్లను మీటరు అడిగినావా!" అని మిషను మీద తలవాల్చి, కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. అక్క అట్లా నవ్వి ఎన్నాళ్లయిందో!

కలెక్టరమ్మ వచ్చి జాకెట్టును తిరగేసి, బొరగేసి, కుట్టు కుట్టూ చూసి, "గుండీ దారం రవ్వంత లావైంది" అంది. ఆమె నోట అంతకు మించిన మెప్పు ఊళ్లో ఎవరూ విని ఉండరు. పెళ్లిలో ఆడవాళ్లు పెళ్లికూతురిని వదిలి జాకెట్టు ఎవరు కుట్టారని అడిగారట. ఆ తర్వాత అక్క మిషను ఆగలేదు. బోర్డు రాసే ఆయనొచ్చి ఏం పేరు పెట్టమంటావమ్మా అంటే, అక్క నా వైపు ఓరగా చూసి "రామా అని రాయన్నా" అంది. నేను అలిగి ఆ పూట అన్నం తినలేదు.

ఇప్పుడు నేను కర్నూల్లో బ్యాంకు ఉద్యోగిని. (రామాకూ ఆనందాకూ తేడా ఇవాళ్టికీ తడుముకునే చెబుతాను.) మొన్న సెలవుకు వెళ్లి అక్క అంగట్లో కూర్చున్నాను. సంచి గుండెకు అదుముకుని, చెమటలు కక్కుకుంటూ ఒక పిల్ల గుమ్మంలోకొచ్చింది. "రామా అంగడి ఇదేనా అక్కా? మా యమ్మ జాకెట్టు గుడ్డ రామాలోనే ఇచ్చి రమ్మనింది, ఇంగ యాడా ఇయ్యొద్దనింది" అంది, నమ్మాలో వద్దో తెలియక నా ముఖంలోకి చూస్తూ. నాకు ఆ గాజుల అంగడి మెట్లు గుర్తొచ్చాయి. నవ్వు కూడా వచ్చింది.

"ఇదే పాపా, సక్కగా వచ్చినావు. రా, లోపలికి రా" అన్నాను.