దాలమ్మ అన్నం కేరేజీ

మలయాలో సుంగై సిపుట్ దగ్గర రబ్బరు చెట్లు గీసే దాలమ్మ, అన్నం కేరేజీ లేకుండా పనికెళ్లడం పరువు తక్కువనుకునేది. పందొమ్మిదివందల ముప్పైల్లో రబ్బరు ధర పడిపోయి, దొర కూలి సగానికి కోసేశాక ఖాళీ కేరేజీయే మోసింది. ఏం తింటున్నావని ఒక్క దొరా అడగలేదు. తీరా అన్నం దొరికే రోజులొచ్చేసరికి నలభై ఎనిమిదిలో ఎమర్జెన్సీ వచ్చిపడింది. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకు ఆ అన్నం పెడుతుందేమోనని తెల్ల సర్కారుకు దిగులు పట్టుకుంది. కూలీల ఇళ్ల చుట్టూ ముళ్లకంచె వేసి, మెతుకు గేటు దాటకూడదన్నారు, రోజూ తుపాకీ చూపించి మూత తీయించారు. దాలమ్మ మళ్లీ ఖాళీ కేరేజీ పట్టుకుంది.

తెల్లవాళ్లు దిగిపోయిన మెర్దెకా పండగ మర్నాడు, అప్పడు అనే గేటు కాపలా పోలీసు జేబుకి కొత్త జెండా గుచ్చుకుని అడ్డంగా నిలబడి, మలాయివాళ్లలా మాట చివర 'లా' తగిలించాడు.

"సొతంత్రం వచ్చీసినాది పిన్నీ! మూత తియ్యి లా."

దాలమ్మ తీసి చూపించింది.

"బాగా సూడు నాయనా. దీన్లోకి ఇంకా రానేదు."