గిరిజమ్మ చూసిన పాదాలు

ఎమ్మిగనూరులో మగ్గం నేసే గిరిజమ్మకు ఆదోని నుంచి ఫోను వచ్చిందంటే ఇంట్లో అందరి పనీ ఆగిపోతుంది. ఆమె పోగు నడిపే నాడె పక్కన పెట్టి, మగ్గం గుంతలోంచి లేచి, చీర మార్చుకుంటుంది. కోడలు లత తానూ వస్తానంటే, “నువ్వెందుకులేమ్మా” అని ఒక్కతే బస్టాండుకు నడుస్తుంది.

ఆమె భర్త తిక్కయ్య ఏడేళ్ళ కిందట ఒక శుక్రవారం చీరల మూటతో ఆదోని బస్సెక్కాడు. చీరలు కొనే జయరాం అంగట్లో మూట దించాడు, మంచినీళ్ళు తాగాడు, రైల్వేస్టేషను వైపు నడిచాడు. అంతవరకే తెలుసు. ఇంట్లో కొట్లాట లేదు, ఒంట్లో జబ్బు లేదు. పోలీసులు ఫోటో తీసుకుని కేసు రాసుకున్నారు. రెండేళ్ళకు బంధువులు తాళి తీసెయ్యమన్నారు.

“సచ్చినాడని ఎవురు సూసినారు?” అని అడిగింది గిరిజమ్మ. తాళి తియ్యలేదు.

మూడో ఏడు వెతుక్కుంటూ ఆదోని పోతే, అక్కడి ఆసుపత్రి శవాల గది కాపలావాడు ఒక మాట చెప్పాడు. ఎవరూ రాని శవాలు గడువు దాటితే ఊరి బయట వైద్య కళాశాలకు పోతాయట.

“ఆడేం చేస్తారప్పా?”

“పిల్లోళ్ళు కోసి నేర్చుకుంటారమ్మా.”

గిరిజమ్మ ఆ కళాశాల దారి అడిగింది. మర్నాడే కళాశాలకు పోయింది. శవాలను కడిగి, చెడిపోకుండా మందు పట్టించే పనివాడు బజారి, ఆమె చెప్పింది అంతా విని, గుర్తేమన్నా ఉందా అక్కా అని అడిగాడు.

“ఎడమకాలు చివరి రెండు వేళ్ళూ అతుక్కోని ఉంటాయి. పుట్టుకతోనే.”

“ఇంతవరకూ వచ్చినోళ్ళలో అట్లాంటి కాలు నేను సూల్లేదక్కా. ఇంకమీద ఎవురొచ్చినా మందు పట్టకముందే ఫోను చేస్తా.”

మాట తప్పలేదు. నాలుగేళ్ళలో పదిహేనుసార్లు పిలిచాడు. ప్రతిసారీ తెల్లగుడ్డను చీలమండల దాకా మాత్రమే పైకి లాగేవాడు. ప్రతిసారీ వేళ్ళు విడివిడిగానే ఉండేవి. “కాదు” అనగానే ఆమెకు ఊపిరి వచ్చేది. ఆ వెంటనే సిగ్గేసేది. ఒకసారి ముఖం కూడా చూపించమంది. అరవై దాటిన మనిషి, గడ్డం పెరిగి ఉంది, ఎవరినో పిలవబోయి ఆగినట్టు నోరు కొంచెం తెరిచి ఉంది. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు.

ఆ మందు వాసన నూలుకు పట్టిందనిపించేది. బస్సులో ఎవరు ఎక్కినా ముందు కాళ్ళే చూసేది. అన్నిటికంటే మగ్గం గుంత భయం పెట్టేది. చీకటి గుంతలో తొక్కుడు కర్రలు తొక్కుతుంటే, తన పాదాల పక్కన ఇంకెవరివో చల్లటి పాదాలు కూడా తొక్కుతున్నట్టుండేది. వంగి చూస్తే ఏమీ ఉండేది కాదు. మళ్ళీ నేయడం మొదలుపెడితే మళ్ళీ వచ్చేవి.

ఈ ఏడు ఆరు నెలలు ఫోను రాలేదు. ఉండబట్టలేక తానే కళాశాలకు పోయింది. మందు తొట్లు ఎండిపోయి ఉన్నాయి. హాలు మధ్యలో టీవీలా వెలుగుతున్న మంచమంత గాజుబల్ల, దాని చుట్టూ విద్యార్థులు. గాజు మీద ఒక మగమనిషి పడుకుని ఉన్నాడు. వర్షిణి అనే అమ్మాయి వేలితో తాకితే చర్మం పోయింది, మళ్ళీ తాకితే కండ పోయింది, ఎముకలు మిగిలాయి.

“ఇంక శవాలు తీసుకోవడం లేదమ్మా, దీని మీదే నేర్పుతున్నాం,” అంది ప్రొఫెసర్ జయశ్రీ.

“ఈయన ఎవురు మేడమ్?”

“ఎవరో పరాయి దేశం మనిషి. చనిపోయాక ఒళ్ళంతా ఫోటోలు తీసి ఇందులో పెట్టారు.”

“పేరు?”

“పేరు రాయరమ్మా.”

గిరిజమ్మ పాదాల వైపు తిరిగింది. వర్షిణికి ఏమర్థమైందో, చర్మం వెనక్కి తెచ్చి, పాదాలను పెద్దవి చేసి చూపించింది. వేళ్ళు విడివిడిగా ఉన్నాయి. గిరిజమ్మ తల అడ్డంగా ఊపింది.

“మరి ఇప్పుడు రైలు కాడ సచ్చినోళ్ళు యాడికి పోతారు మేడమ్?”

“మున్సిపాలిటీ వాళ్ళు పూడ్చేస్తారు.”

“ఎవురూ సూడకుండానేనా?”

బజారి ఆమెను బయటిదాకా తీసుకొచ్చాడు. “ఆసుపత్రి కాడ నాకు తెలిసినోళ్ళు ఉండారు. నేను పోయి సూసి సెప్తాలే అక్కా.”

అన్నట్టే రెండుసార్లు చూసి, కాదని ఫోను చేశాడు. ఆమె సరేనంది. మూడోసారీ అదే మాట విని, ఫోను పెట్టేసి గుంతలో కాళ్ళు పెట్టబోయింది. పెట్టలేకపోయింది. తిరిగి ఫోను చేసింది.

“నువ్వు సూసింది ఎడమకాలేనా?”

“ఎడమకాలే అక్కా.”

“నువ్వు సూసినావు గానీ, నేను సూల్లేదు గదప్పా. వస్తాండా. పూడ్చొద్దని సెప్పు.”

ఆ మనిషీ తిక్కయ్య కాదు. అయినా గిరిజమ్మ వెళ్ళిపోలేదు. శ్మశానం దాకా బండి వెంట నడిచి, గుప్పెడు మన్ను వేసి, చేతులు కడుక్కుని బస్సెక్కింది. ఆ తర్వాత ఎప్పుడూ బజారి ఒక్కడే పోయి చూడలేదు.