వంక దగ్గర దారి ఆపిన రోజు

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీకు నా వందనాలు! నా పేరు రాహేలమ్మ, సోమందేపల్లి దగ్గర ఒక పల్లెలో బట్టలు కుట్టుకొని బతుకుతున్నాను. మన సీమలో వాన కోసం ఎదురుచూడని ఇల్లు లేదు, కానీ ఆరేళ్లపాటు నాకు వానలో చావే కనబడింది! మబ్బు పట్టిందంటే గుండె దడదడలాడేది, మిషన్ మీద కాళ్లు ఆడేవి కావు, బడికి పోయిన కూతురిని మధ్యలోనే పిలుచుకొచ్చి, తలుపు గడియ పెట్టి, చెవులు మూసుకొని కూర్చునేదాన్ని.

మా అక్కను వాన నీళ్లతో పొంగిన వంక, మా ఊరి వాగు, తీసుకుపోయింది. ఇద్దరం పెనుకొండలో పెళ్లికి ఆటోలో పోతుంటే, మా ఊరి వంక బ్రిడ్జి మీద నీళ్లు పారుతున్నాయి. డ్రైవరు భయపడి ఆపితే, "ముహూర్తం దాటిపోతాది, పోనీయప్పా, ఏం కాదు" అన్నది నేనే! నడిమధ్యలో ఆటో ఒరిగింది. నన్ను ఎవరో జుట్టు పట్టుకొని బయటికి లాగారు. అక్క మూడో రోజు దొరికింది, ప్రాణం లేకుండా.

హిందూపురం డాక్టరు మాత్రలిస్తే నిద్ర పట్టేది గాని భయం పోలేదు. పోనీయమన్నది నేనేనని ఎవరికీ చెప్పలేకపోయాను. "ప్రభువా, నన్నన్నా తీసుకుపో, లేదంటే ఈ వానలన్నా ఆపు" అని ఏడ్చేదాన్ని. ఆయన రెండూ చేయలేదు.

అప్పుడు ఒక స్వచ్ఛంద సంస్థకు గ్రాంటు వచ్చిందని, వరదలప్పుడు ఆదుకోవడానికి ఊరూరా వాలంటీర్లను తయారుచేస్తారని తెలిసి, మా పాస్టరమ్మ నన్ను అడగకుండానే నా పేరు రాయించింది. పెనుకొండలో మూడు రోజుల ట్రైనింగులో తాడు ముడులు వేయడం, గాయాలకు కట్టు కట్టడం నేర్చుకున్నాను గాని, చివరి రోజు చెరువులోకి దిగమనేసరికి దిగలేక గట్టు మీద కూలబడ్డాను. నేర్పించే మేడం వచ్చి పక్కన కూర్చుంది. ఏమనిపించిందో, ఆమెకు అంతా చెప్పేశాను. ఆమె, "నీళ్లలో దిగేవాళ్లు దొరుకుతారమ్మా, ముందుగానే దారి ఆపేవాళ్లే దొరకరు. నువ్వు ఆ పని చెయ్యి" అంది.

గ్రాంటు ఏడాదితో అయిపోయింది. ఆఫీసు మూసేశారు, మేడం వెళ్లిపోయింది, తాళ్లూ, నీళ్లలో తేల్చే లైఫ్ జాకెట్లూ మా చర్చి గదిలో మిగిలాయి.

పోయిన వానల్లో ఒక మధ్యాహ్నం పై చెరువు నిండి, మరవ మీదుగా నీళ్లు పొర్లి వంక నిండింది. నన్ను పొమ్మని చెప్పేవాళ్లు ఎవరూ లేరు. అబద్ధం చెప్పను, సహోదరులారా, గడియ పెట్టుకొని కూర్చున్నాను! కానీ ఆ బ్రిడ్జి మీద ఏ ఆటో వస్తుందో అన్న తలంపు నన్ను కూర్చోనివ్వలేదు. "ప్రభువా, నా వల్ల కాదు, నువ్వే నడిపించు" అని మోకాళ్ల మీద ప్రార్థించి, లేచి, పాస్టరమ్మను తోడు తీసుకొని పోయి, బ్రిడ్జికి ఈవల రోడ్డుకు అడ్డంగా రెండు చెట్ల మధ్య తాడు కట్టాను. మనుషుల్ని పిలవడానికి ఆమె ఊళ్లోకి వెళ్లింది. ఎర్రటి నీళ్ల హోరులో నేనొక్కదాన్నే మిగిలాను.

అంతలో ఆవలి ఊరికి పోయే కూలి ఆడవాళ్లతో ఆటో వచ్చింది. డ్రైవరు అరిచాడు, "ఏమక్కా, రోడ్డు నీదా? మోకాలి లోతు కూడా లేవు నీళ్లు, తాడు ఇప్పు!"

లోపల ఒక అవ్వ బతిమాలింది. "పోనీయమ్మా, ఇంటికాడ పిల్లోళ్లు ఒంటిగా ఉండారు."

నేను తాడు ముందుకొచ్చి ఆటోకు ఎదురుగా నిలబడ్డాను. నా నోట మాట వచ్చింది. ఆ మాట నాది కాదు, దేవునిదే! "అప్పా, ఆరేండ్ల కింద ఈడనే ఆటోను పోనీయమన్నది నేను. మా అక్కను పోగొట్టుకున్నా. నన్ను తొక్కిపో, తాడు మాత్రం ఇప్పను."

అతను ఇంజన్ ఆపేశాడు. వాళ్లు నన్ను తిట్టుకుంటూ అట్లే కూర్చున్నారు. కొంతసేపటికి పెద్ద చప్పుడుతో, మా కళ్లముందే బ్రిడ్జి నడుము కూలి నీళ్లలో కలిసిపోయింది! అవ్వ దిగొచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. నేను అక్కడే రోడ్డు మీద వాంతి చేసుకున్నాను.

డ్రైవరుతో కలిపి ఆ ఆటోలో తొమ్మిది ప్రాణాలు! దేవునికే మహిమ! ఉరుము వినబడితే ఇప్పటికీ ఉలిక్కిపడతాను, కానీ లైఫ్ జాకెట్ తీసుకొని బయటికే పోతాను. మా ఊళ్లో పన్నెండుమందిమి వానలకు ముందే ఒకచోట చేరి ముడులు నేర్చుకుంటున్నాం, గ్రాంటు లేకపోయినా.

ప్రియులారా, మీలో ఎవరైనా నోటితో చెప్పలేని భారం మోస్తున్నారా? ఆయన మీద నమ్మకముంచి ఈ రోజే చెప్పేయండి. ఆరాధన అయ్యాక నేను వెనక బల్ల దగ్గర ఉంటాను. రండి, కలిసి మోకరిద్దాం.