వెలగ మొలకలు

మా జీడితోట పలాసకి పడమట, కొండ మొదట్లో ఉంది. తోట చివర వాలులో జీడిచెట్ల మధ్య ఒకప్పుడు పదకొండు వెలగచెట్లుండేవి. తుపాను పదింటిని పడగొట్టింది. మిగిలిన ఒక్కదాని కింద కాయలు రాలి అక్కడే కుళ్లిపోయేవి, కొన్ని ఎలకలపాలయ్యేవి. దాని చుట్టూ కొత్త మొక్క లేవడం నేనెరగను. కన్ను మూసేలోగా ఆ వాలులో మళ్లీ వెలగచెట్లు చూడాలని నా కోరిక.

ఒక ఏడు కార్తీక బహుళ తదియనాడు ఒడిశా కొండల మీంచి మూడు ఏనుగులు దిగాయి. నలభై ఒక్క రోజులున్నాయి. జీడిచెట్లు ఇరవై ఆరు విరిచాయి. కొబ్బరిమొక్కలు తొమ్మిది పీకాయి. ఏ రోజు ఏది పోయిందో ఆ రోజే రాసుకున్నాను. ఏనుగుల్ని తరమమని ఊరివాళ్లు అర్జీ పెడదామనుకున్నప్పుడు నా కాగితమే అర్జీ అయింది. "ఇంత వివరంగా ఎవరూ రాయలేదమ్మా" అన్నాడు ఫారెస్టు ఆఫీసరు. నాకు గర్వంగానే అనిపించింది. వారం తిరక్కుండా డప్పులతో, టపాసులతో వాటిని కొండ దాటించేశారు. మళ్లీ రాలేదు.

ఆషాఢంలో వానలు పడ్డాక వాలు ఎక్కాను. ఏనుగు లద్దె తడిసి పుట్టగొడుగులు పట్టి ఉంది. కర్రతో కదిపితే పేడపురుగులు, వెలగ పెంకు ముక్కలు, వాటి పక్కన పచ్చటి మొలకలు. ఆకు నలిపి వాసన చూశాను. వెలగే. తల్లిచెట్టుకి దూరంగా, అక్కడొకటి ఇక్కడొకటి, మొత్తం పంతొమ్మిది. ఇన్నేళ్లూ ఆ చెట్టు చేసుకోలేని పని ఏనుగులు తిని, నడిచి, చేసిపోయాయి. తరమమని రాసింది నేను.

ఒక్కో మొలక పక్కన ఒక్కో పుల్ల పాతాను.

మార్గశిరంలో, జీడి పూతకి ముందు, తోటలో తుప్పలు కొట్టించడం మాకు ఏటా ఉన్నదే. కూలీలు వచ్చింది మంగళవారం. మంగళ, శుక్రవారాలు మా చెల్లెల్ని డయాలసిస్‌కి పలాస తీసుకెళ్లాలి. పుల్లలున్నాయి కదా, వేరే చెప్పక్కర్లేదనుకున్నాను. సాయంత్రం వచ్చేసరికి వాలు ఊడ్చిన వాకిలిలా ఉంది.

"ఏటి పెద్దమ్మా, అలా నిలబడిపోనావు? శుభ్రంగా నేదేటి?" అంది మా తోటలో ఎప్పుడూ పనిచేసే ఆవిడ.

"పుల్లల కాడ మొలకలేవే?"

"పీకీసినాం. ముందటేడు మేం వొదిలేసిన తుప్పల పక్కన నువ్వే కదేటి పుల్లలు పాతి మళ్లీ పీకించినావు? ఈ ఏడు ముందే పాతీసినావనుకున్నాం. ఒక్కటీ వొదల్లేదు. కావాలంటే లెక్కెట్టుకో!"

మిగతా ఆడవాళ్లు నవ్వారు. నన్ను మెప్పించామనే అనుకున్నారు పాపం. ఆవిడ పుల్లల కట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. పంతొమ్మిదీ ఉన్నాయి.

మాఘంలో నేనే కాయలు పగలగొట్టి, గింజలు కడిగి, వాలంతా నలభై గోతుల్లో వేశాను. ఆవిడ గునపం పట్టింది. "ఏనుగు సేసే పని నువ్వు సేత్తానంటే నడుం ఉంటాదేటి పెద్దమ్మా" అంటూనే తవ్వింది. పన్నెండు రోజులకి అడవిపందులు ముప్పై మూడు గోతులు తిరగేశాయి. మిగిలిన ఏడింట్లో మూడు మొలిచి, ఎండలకి మాడిపోయాయి. రోజూ బిందెతో ఆ వాలు ఎక్కే కాళ్లు కావు నావి.

కొండ మీద ఏనుగులు నడిచిన దారి కూడా ముళ్లతుప్పలతో పూడుకుపోయింది. ఆ దారినే కిందికి వచ్చే కణుజు జింకలు ఇప్పుడు కనపడవు.

ఈ ఏడు ఆ ఒక్క వెలగచెట్టూ పూయలేదు. గోరుతో బెరడు గీకి చూశాను. లోపల ఎండిపోయి ఉంది. ఇక ఏనుగులు తిరిగొచ్చినా వాటికి ఇక్కడ తినడానికి కాయ లేదు.