చీకటి సిపాయి వేషం సలోమిదే

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవులు ఇవ్వగానే నంద్యాలలో బస్సెక్కి ఆళ్లగడ్డలో మా పెద్దమ్మ ఇంటికి పోయేవాళ్లం. డెబ్బైల చివరి మాట. ఇంటి వెనకే శిల్పాలు చెక్కే పందిరి. తెల్లవారితే ఉలి చప్పుడు... కంచంలో, నీళ్ల బానలో, తలలో అంతా రాతిపొడి.

ఆ పందిరి నీడలోనే మా ఆట. పెద్దమ్మ కొడుకు జాన్ అన్న కథ చెప్పేవాడు. "ఎదురుగా గుహ ఉండాది, ఏం చేస్తావ్?" అని అడిగేవాడు. మనం ఏం చేస్తామో చెప్పి, ఒకవైపు అరగదీసిన నాలుగు చింతపిక్కలు వేయాలి. తెలుపు ఎక్కువ పడితే గెలుపు, నలుపు ఎక్కువ పడితే దెబ్బ.

కథలో ఇద్దరు ముఖ్యం. దేవుని సిపాయి, చీకటి సిపాయి. సండే స్కూల్లో విన్నదానికి అన్న తన బుర్ర జోడించి తయారుచేశాడు. దేవుని సిపాయి అబద్ధం ఆడకూడదు, చీకటి సిపాయి నిజం చెప్పకూడదు. అదీ చట్టం...

దేవుని సిపాయి ఎప్పుడూ నేనే. ఊరి నుంచి వచ్చిన చుట్టాన్ని కదా, ఆ మాత్రం మర్యాద. చీకటి సిపాయి ఎప్పుడూ సలోమి. పందిరిలో రాళ్లు మోసే మార్తమ్మ కూతురు, నా ఈడుదే. ఎప్పుడూ ఆ పిల్లే ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మొదట్లో అన్న చీకటి సిపాయికి కొమ్ములు పెట్టి, గట్టిగా గర్జించమన్నాడు. సలోమి ఒప్పుకోలేదు.

"కొమ్ములుంటే ఎవురైనా పారిపోతారు గదన్నా. నేను మామూలుగానే వస్తా."

వచ్చింది... నా పక్కన కూర్చుంది. "శానా దూరం నడిచినావు పాపా, కాళ్లు కాలినాయేమో. ఆ కత్తి ఈడ పెట్టి నీళ్లు తాగు" అంది. ఆ గొంతులో ఎంత ప్రేమ ఉందంటే నేను కత్తి కింద పెట్టేశాను. పిక్కలు వేయకుండానే ఓడిపోయాను.

ఆ రోజు అందరం నోరు తెరుచుకుని చూశాం. మర్నాటి నుంచి మాత్రం అనుమానం పట్టుకుంది. ఇంత తీయగా అబద్ధమాడే పిల్ల మామూలప్పుడు మాత్రం నిజం చెబుతుందా అని... జామకాయ తెచ్చిస్తే కొరకడానికి జంకేదాన్ని. తలనొప్పి అని ఆమె ఇంటికి పోతే, అన్న నా వైపు చూసి కన్ను కొట్టేవాడు.

మా కత్తి ఏంటో చెప్పలేదు కదా... విగ్రహాలకు కళ్లు చెక్కే సన్నటి ఉలి. పందిరి పెద్ద ఆచారి తాతది. ఆయన అన్నం తిని కునుకు తీసే వేళ అడగకుండా తీసి, లేచేలోపు పెట్టేసేవాళ్లం.

ఒకరోజు ఆయన ముందే లేచాడు. ఉలి లేదు.

తాత అరిచే మనిషి కాదు. "ఆ ఉలి లేకుంటే నా పని నిలిచిపోతాది. ఎవురు తీసినారు?" అన్నాడు.

అన్న సలోమిని చూశాడు. నేనూ ఆమెనే చూశాను.

"నేను తీయలేదు తాతా."

"చీకటి సిపాయి నిజం చెప్తాదా యాడన్నా?" అన్నాడు అన్న నవ్వుతూ. పిల్లలమంతా నవ్వాం. తాత నవ్వలేదు. పక్కనే గంప దించుతున్న మార్తమ్మ వైపు తిరిగి, "రేపటికి ఉలి రావాల. లేకుంటే నువ్వు పనికి రావద్దు" అన్నాడు.

ఉలి నా బట్టల సంచిలో ఉంది. సలోమి మళ్లీ మాయమాటలు చెప్పి లాక్కుంటుందేమోనని ఆ మధ్యాహ్నం నేనే దాచాను.

ఆ ఒక్క ముక్క చెప్పొచ్చు కదా అంటారు... నేను అన్న వెనక్కి జరిగాను. మార్తమ్మ అందరి ముందూ కూతురి పావడా కుచ్చిళ్లు దులిపింది. వీపు మీద రెండు వేసింది. సలోమి ఏడవలేదు, మా అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది. నన్ను మాత్రం ఎవరూ వెతకలేదు. దేవుని సిపాయిని కదా.

మర్నాడు మా ప్రయాణం. తెల్లవారగానే ఎవరూ చూడకుండా ఉలిని తాత కూర్చునే బండ మీద పెట్టి వచ్చేశాను. హమ్మయ్య, పీడ వదిలింది అనుకున్నాను.

బస్సు దగ్గర పెద్దమ్మ అమ్మతో అంటోంది... "ఉలి దొరికిందంట. భయపడి ఆ పిల్లే తెచ్చి పెట్టినట్టుండాది. అనుకుంటానే ఉండాం."

నేను సంచి పట్టుకుని బస్సెక్కేశాను.

మరుసటి వేసవికి సలోమి వాళ్ల గుడిసె ఖాళీ. దొంగపిల్ల తల్లి అని పిలిపించుకుంటూ పని చేయలేక, మార్తమ్మ గోస్పాడు వైపు పొలం పనులకు పోయిందన్నారు. చీకటి సిపాయి వేషం ఇంకో పిల్లకు ఇచ్చారు... నేను ఆడలేదు.

మొన్న మా మేనల్లుడు స్నేహితులతో బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేసి ఆడే వీరుల ఆట ఒకటి రాస్తున్నాడు. పవిత్ర వీరుడికి ఎదురు నిలిచే చీకటి వీరుణ్ణి కొత్తగా ఊహించాలట. నల్ల కవచం, పుర్రెల కత్తి గీసి, "ఎట్లుండాడత్తా?" అని చూపించాడు.

"ఇవన్నీ తీసేయ్ నాయనా. తెల్ల కవచమే తొడుగు. వాడు తప్పు చేయడని ఊరంతా నమ్మాల. వాడూ నమ్మాల" అన్నాను.

"బలే ఉండాదత్తా. యాడ దొరికింది నీకీ ఆలోచన?" అన్నాడు. కాఫీ పెట్టొస్తానని లేచి వచ్చేశాను.

ఇప్పుడు ఆ పందిరి కింద రాయి కోసే మిషన్ల రొద... అక్కడ ఆడుకునే పిల్లలూ లేరు, తాతా లేడు. నిజం చెప్పడానికి వెళ్దామన్నా వినాల్సినవాళ్లు అక్కడ ఎవరూ మిగల్లేదు.

మీ ఆటల్లో చెడ్డ వేషం ఎప్పుడూ ఎవరికి వచ్చేది? ఒక్కసారి గుర్తు చేసుకుని కింద ఆ పేరు రాయండి. మొదటి పేరు నేనే రాస్తున్నాను... సలోమి. ఆ ఉలి తీసింది నువ్వు కాదు, నేను.